ఆల్రెడీ ఒకళ్ళున్నారుగా!

కొన్నేళ్ళ కిందట ఓ చిన్న గిగ్‌కి, అంటే లోకల్ కచేరీకి, ఎవరెవరు వాయించాలో ఆ లైనప్ కుదిర్చే పని నా మీద పడింది. నాలుగు బ్యాండ్లు. తలా అరగంట, ఆఖరివాళ్ళకి నలభై నిమిషాలు. మూడు ఖాయమయ్యాక, మిగిలిన చోటు కోసం రెండు బ్యాండ్లు అడిగాయి. వాటిలో ఒకటి నలుగురమ్మాయిల పంక్ (మొరటుగా, వేగంగా వాయించే రాక్) బ్యాండు. డెమో బాగుంది, డ్రమ్స్ అయితే దుమ్ము లేపుతున్నాయి. వాళ్ళకి నేను పంపిన జవాబు: "ఈసారికి కుదరదండీ, ఆల్రెడీ ఒక లేడీస్ బ్యాండ్ ఉంది. నెక్స్ట్ టైమ్ పక్కా."

ఆ "ఆల్రెడీ ఉన్న" బ్యాండులో ఆడమనిషి ఒక్కరే, పాడే ఆవిడ. మిగతా ముగ్గురూ మగవాళ్ళు. వాళ్ళవి నెమ్మదిగా సాగే మంచుపొర లాంటి గిటార్ పాటలు. నేను కాదన్నవాళ్ళవి రెండు నిమిషాల్లో అరిచి ముగించే పాటలు. రెంటికీ ఎక్కడా పోలిక లేదు. నాలుగో చోటు నేనిచ్చిన బ్యాండూ, అప్పటికే ఖాయమైన ఇంకో బ్యాండూ మాత్రం కవల పిల్లల్లా ఉంటాయి. గిటారు మోతని మార్చే అవే పెడల్స్, అదే అరుపు, దాదాపు అవే చొక్కాలు. "ఆల్రెడీ ఇలాంటి మగవాళ్ళ బ్యాండొకటి ఉందిగా" అన్న ఆలోచన మాత్రం నా బుర్రకి తట్టలేదు.

ఎవరినైనా తీసిపారేయాలంటే తెలుగులో "అంత సీన్ లేదు" అంటాం. ఆల్టర్నేటివ్ సంగీతంలో "సీన్" అంటే వేరే సంగతి. హిట్ చార్టులకీ పెద్ద రికార్డు కంపెనీలకీ బయట సొంత పాటలు రాసుకుని వాయించే కొన్ని బ్యాండ్లు, వాళ్ళని రానిచ్చే రెండు మూడు చోట్లు, సౌండ్ చూసే ఇద్దరు, పోస్టర్లు వేసే ఒకరు, ప్రతివారం వచ్చే ఓ యాభై మొహాలు. ఇదంతా కలిపి సీన్. ఇందులో ఆడవాళ్ళు ఎందుకు తక్కువ అని అడిగితే రెండు జవాబులు రెడీగా ఉంటాయి. "వాళ్ళు రావట్లేదు" అని ఒకరు, "వీళ్ళు రానివ్వట్లేదు" అని ఇంకొకరు. నా లెక్కలో రెండూ తేలిక జవాబులే. వద్దని తలుపేసిన విలన్ ఒకడుంటే పని సులువయ్యేది. ఇక్కడ జరిగేది తిలాపాపం తలా పిడికెడు. ఎవరికి వారు తమకి తేలికైన చిన్న నిర్ణయం తీసుకుంటారు. ఆ నిర్ణయాలన్నీ కలిసి పోస్టరు మీదకొచ్చేసరికి ఆడపేరు ఒక్కటే మిగులుతుంది.

ఫోన్ నంబర్ల రాజ్యం

సినిమా పాటకో ఆర్కెస్ట్రాకో ఆడిషన్ ఉంటుంది. లోకల్ బ్యాండుకి ఉండదు. గురువారం రాత్రి డ్రమ్మర్ చెయ్యి విరుగుతుంది, శనివారం గిగ్. మంచి డ్రమ్మర్లెవరని వెతికే టైముండదు, ఫోన్లో ఎవరి నంబరుంటే వాళ్ళకి కొడతారు. ఆ ఫోన్లోని నంబర్లు ఎవరివి? పదిహేనేళ్ళ వయసు నుంచి ఒకే గదిలో వాయించుకున్న వాళ్ళవి. డబ్బు కూడా ఇలాగే. గేటు కలెక్షన్లో వాటా, అదీ సౌండ్ ఖర్చు పోగా మిగిలితే. జీతం లేని చోట ఒప్పందాలు ఉండవు, మొహమాటాలే ఉంటాయి. మొహమాటం ఎప్పుడూ తెలిసినవాళ్ళ వైపే మొగ్గుతుంది.

పరిచయాల దారి అప్పుడప్పుడు ఆడవాళ్ళ వైపు తెరుచుకున్న సందర్భాలూ ఉన్నాయి. 1965 డిసెంబరులో న్యూజెర్సీలోని ఒక హైస్కూల్లో వెల్వెట్ అండర్‌గ్రౌండ్ అనే న్యూయార్క్ బ్యాండుకి మొదటిసారి డబ్బులిచ్చే కచేరీ దొరికింది. డబ్బు తీసుకుని, వాళ్ళు చెప్పిన టైముకి మొదలుపెట్టి ఆపడమేంటని డ్రమ్మర్ ఆంగస్ మక్లైస్ తప్పుకున్నాడు. గిటారిస్టు స్టెర్లింగ్ మారిసన్‌కి ఒక స్నేహితుడున్నాడు, ఆ స్నేహితుడి సోదరి ఇంట్లో డ్రమ్స్ వాయించేది. అలా వచ్చింది మోరీన్ టకర్. నిలబడి, మామూలుగా కాలితో కొట్టే కిక్ డ్రమ్‌ని పడుకోబెట్టి, సింబల్స్‌ని దాదాపు పక్కన పెట్టేసి ఆమె వాయించిన తీరు తర్వాతి తరాల ఆల్టర్నేటివ్ బ్యాండ్లకి ఒక పాఠమైంది. కానీ ఆమె సోదరుడికి మారిసన్‌తో స్నేహం లేకపోతే? చరిత్రలో ఆ పేజీ ఇంకోలా ఉండేది.

పరిచయాలు లేనివాళ్ళకి దారి చూపింది చాలాసార్లు పత్రికలో ఒక చిన్న ప్రకటన. 1976లో లండన్‌లో పాలీ స్టైరీన్ అనే గాయని తన బ్యాండ్ ఎక్స్-రే స్పెక్స్‌కి మనుషుల్ని ప్రకటన వేసే కూడగట్టింది. 1986లో బోస్టన్‌లో పిక్సీస్ అనే కొత్త బ్యాండు బేస్ (అడుగు స్వరాల గిటారు) వాయించేవాళ్ళు కావాలని ప్రకటన ఇచ్చింది. జవాబిచ్చింది ఒక్క కిమ్ డీల్. ఆమె వచ్చేటప్పుడు చేతిలో బేస్ కూడా లేదు. అంతకుముందు దాన్ని వాయించిందీ లేదు. ప్రకటనకి మొహమాటం ఉండదు. ఎవరు చదివితే వాళ్ళనే పిలుస్తుంది. నా మటుకు నాకు సీన్లు ప్రకటనల మీద నడిచిన రోజులే బాగున్నాయనిపిస్తుంది. గ్రూపు చాట్లొచ్చాక తలుపు మళ్ళీ లోపలివాళ్ళ చేతికే వెళ్ళింది.

బేస్ ఎందుకు?

కిమ్ డీల్ పేరొచ్చింది కాబట్టి ఇక్కడ కాస్త ఆగాలి. ఆల్టర్నేటివ్ రాక్‌లో ఆడవాళ్ళని గుర్తు చేసుకోండి. టాకింగ్ హెడ్స్‌లో టీనా వేమత్, సోనిక్ యూత్‌లో కిమ్ గోర్డన్, స్మాషింగ్ పంప్‌కిన్స్‌లో డార్సీ రెట్జ్కీ. అందరూ బేస్. ఇదేం యాదృచ్ఛికం కాదు. మేరీ ఆన్ క్లాసన్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త 1999లో అచ్చంగా ఈ ప్రశ్న మీదే ఒక పరిశోధనా వ్యాసం రాశారు.

దాని సారం నా మాటల్లో ఇది. అబ్బాయిల బ్యాండు సంగీతంతో మొదలవదు, స్నేహంతో మొదలవుతుంది. వాయించడం రాకముందే బ్యాండ్ పేరు పెట్టేస్తారు. ఒకడి ఇంట్లో గది, ఇంకొకడి అన్న పాత గిటారు, ఏడాదిపాటు భరించలేని మోత, ఆ మోతలోనే నేర్చుకోవడం. ఆ వయసులో ఆడామగా స్నేహబృందాలు వేర్వేరుగా ఉంటాయి కాబట్టి అమ్మాయిలకి ఆ గదిలోకి ఆహ్వానం అందదు. వాళ్ళు ఈ సంగీతంలోకి వచ్చేది ఎక్కువగా కాలేజీ వయసులో, ఆ తర్వాత. అప్పటికి అబ్బాయిలకి ఐదారేళ్ళ అనుభవం ఉంటుంది. అందరికీ లీడ్ గిటారే కావాలి, బేస్ ఎవరికీ వద్దు. ఖాళీగా ఉన్న కుర్చీ అదొక్కటే. పైగా కొన్ని నెలల్లో స్టేజెక్కేంత వస్తుందన్న పేరు దానికి ఉంది. ఆలస్యంగా వచ్చినవాళ్ళకి ఖాళీ కుర్చీ దొరికింది, అంతే.

చిక్కు ఆ తర్వాత వస్తుంది. ఆ కుర్చీలో ఆడవాళ్ళు కనపడటం మొదలయ్యాక, అది వాళ్ళ స్వభావానికి సరిపోయే వాయిద్యమనే కథ పుట్టుకొస్తుంది. వెనకుండి ఆసరా ఇవ్వడం, ముందుకి రాకపోవడం, అందరినీ కలిపి ఉంచడం... విన్నట్టే ఉంది కదూ? ఇంట్లో చెప్పే మాటలే స్టేజి మీదకొచ్చాయి. ఏ ఖాళీలోంచి లోపలికొచ్చారో ఆ ఖాళీయే చివరికి వాళ్ళ హద్దయిపోతుంది.

బ్రిటన్‌లో మేవిస్ బేటన్ అనే ఆవిడ తానూ బ్యాండులో వాయించి, తర్వాత ఆడ సంగీతకారుల్ని వెతికి మాట్లాడి 1998లో ఒక పుస్తకం రాశారు. అందులో ఆమె ఎత్తిచూపే అడ్డంకుల్లో సగం ప్రతిభకి దూరదూరంగా కూడా సంబంధం లేనివే. డబ్బు, సామాను, బండి, ప్రాక్టీసుకి చోటు, తీరిక. ఆంప్ (గిటారు మోత పెంచే పెట్టె) బరువు ఎంతో ఎత్తినవాళ్ళకి తెలుసు. గిగ్ అర్ధరాత్రి ముగుస్తుంది, అప్పుడా బరువుతో ఇంటికెళ్ళడమెలా అన్నది సంగీత సిద్ధాంతాల్లో కనపడదు. బ్యాండ్ నిలవడమో విడిపోవడమో తేలేది మాత్రం చాలాసార్లు అక్కడే.

గిటారు ఆకారం కూడా ఎవరి ఒంటిని బట్టి గీశారో వారికే సరిపోతుంది. సెయింట్ విన్సెంట్ అనే అమెరికన్ గిటారిస్టు 2016లో మ్యూజిక్ మ్యాన్ కంపెనీతో కలిసి తన పేరు మీద ఒక గిటారు చేయించుకుంది. తేలికగా, నడుం దగ్గర సన్నగా, ఛాతీకి అడ్డుపడకుండా. అది మార్కెట్లోకొచ్చాక, అంతకుముందు వాయించిన గిటార్లన్నీ ఎవరి కొలతలకి చేసినవో చాలామందికి మొదటిసారి తట్టింది.

వాయించడం రాకపోవడం ఒక వరం

పై లెక్క ప్రకారం నైపుణ్యం కొలబద్దగా ఉన్నంతకాలం ఆలస్యంగా వచ్చినవాళ్ళు వెనకబడే ఉంటారు. మరి ఆ కొలబద్దనే విరిచేస్తే? 1976 ప్రాంతంలో లండన్‌లో పంక్ చేసింది అదే. ద స్లిట్స్ అనే అమ్మాయిల బ్యాండు మొదలైనప్పుడు గాయని ఏరీ అప్‌కి 14 ఏళ్ళు. బ్యాండులో ఎవరికీ వాయించడం సరిగ్గా రాదు. మరుసటి ఏడాదికల్లా ద క్లాష్ అనే పంక్ బ్యాండుతో కలిసి దేశమంతా టూర్ చేశారు. అబ్బాయిలకీ అప్పుడు పెద్దగా వచ్చేది కాదు, ఎవరికీ రానిచోట ఐదేళ్ళు ముందు మొదలుపెట్టిన లాభం చెల్లదు. స్లిట్స్, రెయిన్‌కోట్స్, ఎక్స్-రే స్పెక్స్ లాంటి ఆడవాళ్ళు ముందున్న బ్యాండ్లన్నీ ఒక్క రెండేళ్ళలో పుట్టుకురావడానికి నాకు కనపడే పెద్ద కారణం ఇదే.

కానీ సీన్‌కీ వయసు మీద పడుతుంది. మొదట్లో మూడు కార్డ్స్ (కలిపి మోగించే స్వరాలు) చాలన్నవాళ్ళే కొన్నేళ్ళకి ఏ పెడల్ ఏ సంవత్సరం మోడలో వాదించుకుంటారు. నైపుణ్యం, ఖరీదైన సామాను, "వీళ్ళకి టైమింగ్ లేదు" లాంటి తీర్పులు మెల్లగా తిరిగొస్తాయి. తలుపు ఎవరూ ధడాల్న వేయరు. గాలికి కొద్దికొద్దిగా మూసుకుంటుంది.

ఒక్క స్లాట్

ఇప్పుడు నా జవాబు దగ్గరికొద్దాం. "ఆల్రెడీ ఒకళ్ళున్నారుగా" అన్నది నేను కనిపెట్టిన మాట కాదు. 1990ల్లో ఉత్తర అమెరికాలో రేడియోవాళ్ళు ఇద్దరు ఆడవాళ్ళ పాటలు వెంటవెంటనే వేయకూడదనేవాళ్ళు. కచేరీ ప్రమోటర్లదీ అదే ధోరణి. కెనడా గాయని సారా మెక్లాక్లన్ తన టూర్లో ముందు పాడేందుకు ఇంకో గాయనిని పెట్టుకుంటానంటే, ఒకే రాత్రి ఇద్దరు ఆడవాళ్ళంటే టికెట్లు పోవన్నారు. ఆ కోపంతోనే ఆమె 1996లో కొన్ని ఊళ్ళలో ప్రయత్నించి చూసి, 1997లో అందరూ ఆడవాళ్ళే ఉండే లిలిత్ ఫెయిర్ అనే తిరుగుడు ఉత్సవాన్ని మొదలుపెట్టింది. ఆ ఏడాది టూరింగ్ ఉత్సవాల్లో వసూళ్ళలో అదే ముందు నిలిచింది. 1999 దాకా మూడు వేసవులు నడిచింది. ప్రమోటర్ల లెక్క తప్పని డబ్బు రూపంలోనే తేలిపోయింది. అయినా ఆ మాట చావలేదు, చూశారుగా, నా ఫోన్లో కూడా బతికే ఉంది.

"ఒక్క స్లాట్" లెక్కలో మొదటి నష్టం అందరికీ తెలుస్తుంది, ఇద్దరిలో ఒకరికి చోటు దొరకదు. రెండోది లోపలుంటే తప్ప కనపడదు. ఊళ్ళో ఉన్న ఐదారు బ్యాండ్ల ఆడవాళ్ళు ఒకే కుర్చీ కోసం పోటీ పడాల్సొస్తుంది. వాళ్ళు వేర్వేరు రాత్రుల్లో వాయిస్తారు, ఎప్పుడూ ఒకే పోస్టరు మీద ఉండరు, కాబట్టి ఒకరినొకరు స్టేజి వెనక కలుసుకోరు. అంటే గురువారం రాత్రి చెయ్యి విరిగినప్పుడు కొట్టాల్సిన ఫోన్ నంబరు ఒకరి దగ్గర ఇంకొకరిది ఉండదు. సీన్ నడిచేదే ఆ నంబర్ల మీద అని ఇందాక అనుకున్నాం.

మూడో నష్టం "ఫీమేల్-ఫ్రంటెడ్" (ముందుండి పాడేది ఆడమనిషి) అనే ముద్ర. ఆ ముద్ర చెప్పేది సంగీతం గురించి ఏమీ కాదు. హోరెత్తించే మెటల్ రాక్‌కీ, జానపదానికీ, నిశ్శబ్దంగా వాయించే ఎలక్ట్రానిక్‌కీ ఒకే చీటీ. పోస్టరు మీద ఏ బ్యాండు పక్కనైనా "గడ్డం ఉన్న గాయకుడు" అని రాస్తారా? ముద్ర వేసేవాళ్ళకి చాలాసార్లు మంచి ఉద్దేశమే ఉంటుంది, ప్రచారానికి పనికొస్తుందనుకుంటారు. పనికొస్తుంది కూడా, ఒకసారికి.

సౌండ్‌చెక్‌లో పది నిమిషాలు

పోస్టర్లు లెక్కపెట్టేవాళ్ళకి అందనిది ఒకటుంది, సాయంత్రం ఆరింటి సౌండ్‌చెక్, అంటే గిగ్‌కి ముందు మైకులూ వాయిద్యాలూ సరిచూసుకునే టైము. చిన్న హాల్లో నాలుగు బ్యాండ్లకి కలిపి గంటన్నర టైముంటే, ఆఖర్న వాయించేవాళ్ళు ముందు చెక్ చేసుకుంటారు, డ్రమ్స్ వాళ్ళ కొలతకే అమరుస్తారు. అందరికంటే ముందు వాయించేవాళ్ళకి చివరన మిగిలేది పది నిమిషాలు, ఒక్కోసారి అదీ ఉండదు. కొత్త బ్యాండ్లని మొదటి స్లాట్లో పెడతారు. ఆడవాళ్ళ బ్యాండ్లు ఎక్కువగా ఆ మొదటి స్లాట్లోనే ఉంటాయి.

ఆ పది నిమిషాల్లో ఏం జరుగుతుందో దగ్గర్నుంచి చూద్దాం. ఆమె మైకు దగ్గరకొచ్చింది. మిక్సర్ మీద ఆ ఛానెల్ ఇంకా ముందు పాడినతని సెట్టింగుల మీదే ఉంది. అతని అరుపు చెవులకి గుచ్చుకోకుండా సౌండతను రెండు మూడు వేల హెర్ట్జ్ (సెకనుకి అన్ని కంపనాలు) దగ్గర శబ్దాన్ని కోసేశాడు. హల్లులు స్పష్టంగా వినపడేది సరిగ్గా అక్కడే, డిస్టార్షన్‌తో గరగరలాడే గిటార్లు కూర్చునేదీ అక్కడే. ఇప్పుడామె పాడితే గొంతు వినిపిస్తుంది, మాట వినిపించదు.

ఆమె మానిటర్ పెంచమంటుంది. మానిటరంటే పాడేవాళ్ళ కాళ్ళ దగ్గర వాళ్ళ వైపే తిప్పి పెట్టే స్పీకరు. అది పెంచితే ఆ శబ్దం మళ్ళీ మైకులోకే పోయి కూత పెడుతుంది. ఎక్కడ కూస్తోందో పట్టుకుని ఆ ఒక్క పౌనఃపున్యాన్ని కోస్తే సరిపోతుంది, ఓపికుంటే రెండు నిమిషాల పని. ఓపిక లేకపోతే తేలిక దారి ఒకటుంది, మైకు మొత్తాన్నీ తగ్గించేయడం. తగ్గిస్తే ఆమెకి తన గొంతు వినపడదు. వినపడకపోతే గట్టిగా పాడుతుంది, శ్రుతి పైకి జారుతుంది. రెండో పాటకి గొంతు పట్టేస్తుంది. కింద నిలబడ్డవాళ్ళకి ఈ సంగతులేవీ తెలీవు. వాళ్ళకి తెలిసేది ఒకటే: "లైవ్‌లో పాడలేదు."

ఆమె మళ్ళీ అడిగితే? "ఆడలేక మద్దెల ఓడు" అనుకునేవాళ్ళకి కొదవలేదు. ఇదే మాట గడ్డమున్న గాయకుడు అడిగితే "అతనికి సౌండ్ మీద పట్టుంది" అంటారు. సౌండతను ఆమెని వదిలేసి పక్కనున్న గిటారిస్టుని "ఆవిడ మైకు ఎలా కావాలంటారు?" అని అడగడం నేను నా చెవులతో విన్నాను. అతను చెడ్డవాడేం కాదు, నాకు చాలాసార్లు ఉచితంగా పనిచేసిపెట్టాడు. తిలాపాపంలో అతని పిడికెడు అది.

తెర వెనక ఆడవాళ్ళ లెక్క పెద్ద పరిశ్రమలోనూ దయనీయమే. అమెరికాలో ఆనెన్‌బర్గ్ ఇన్‌క్లూజన్ ఇనిషియేటివ్ అనే పరిశోధన బృందం 2018లో విడుదల చేసిన నివేదిక 2012 నుంచి 2017 దాకా ఏటా చార్టుల్లో నిలిచిన పాటల్ని లెక్కేసింది. కళాకారుల్లో ఆడవాళ్ళు 22.4 శాతం, పాట రాసేవాళ్ళలో 12.3 శాతం, పాట రికార్డింగుని నడిపించే ప్రొడ్యూసర్లలో 2 శాతం. మైకు నుంచి మీటల వైపు వెళ్ళేకొద్దీ ఎలా కరిగిపోతున్నారో చూడండి.

ముందు వరుస ఎవరిది?

స్టేజి కింద కూడా ఒక రాజకీయం ఉంది. మోత మొదలవగానే ముందు వరుసల్లో తోపులాట, మోచేతులు, ఆ గుంపులో కావాలని వేసే చేతులు. అమ్మాయిలు గోడ పక్కకి జరుగుతారు, అబ్బాయిల కోట్లు పట్టుకుని నిలబడతారు. గిటారు మీద వేళ్ళెలా కదులుతున్నాయో కనపడేది ముందు వరుసకి. ఆ చోటు పోగొట్టుకుంటే పోయేది వినోదం ఒక్కటే కాదు, పాఠం కూడా.

అందుకే 1991 ఆగస్టు 20న అమెరికాలోని ఒలింపియా అనే చిన్న పట్నంలో జరిగిన రాత్రికి అంత పేరు. ఇంటర్నేషనల్ పాప్ అండర్‌గ్రౌండ్ కన్వెన్షన్ అనే స్వతంత్ర సంగీత సమావేశం మొదటి రాత్రిని పూర్తిగా ఆడవాళ్ళకే వదిలేశారు. ఆ ఊళ్ళోనూ, వాషింగ్టన్ డీసీలోనూ అప్పుడప్పుడే రగులుతున్న రయట్ గర్ల్ అనే ఆడపిల్లల పంక్ ఉద్యమానికి అదొక తొలి ఘట్టం. ఇంగ్లీషులో ఆ గర్ల్ అన్న మాటకి మూడు "ర"లు తగిలించి, గుర్రుమనేలా రాసుకున్నారు. ఆ ఉద్యమంలోని బికినీ కిల్ బ్యాండు గాయని క్యాథ్లీన్ హానా పాట మొదలుపెట్టే ముందు అమ్మాయిల్ని ముందుకి రమ్మనేది, మగవాళ్ళని కాస్త వెనక్కి జరగమనేది. ఆ ఒక్క మాటకి ఆమె మీద బూతులు కురిశాయి, వస్తువులు విసిరారు. సంగీతంలో ఏ కొత్త రాగానికీ ఇంత కోపం రాదు. నిలబడే చోటు మార్చమంటే వచ్చింది.

ఆ ఉద్యమం మీద విమర్శా ఉంది, అది న్యాయమైనదే. ముందుకొచ్చిన అమ్మాయిల్లో దాదాపు అందరూ తెల్లవాళ్ళు. అందుకే 1990ల చివర్లో న్యూయార్క్‌లో తమర్-కాలీ బ్రౌన్ మరికొందరు నల్లజాతి సంగీతకారిణులతో కలిసి సిస్టా గర్ల్ రయట్ పేరుతో సొంత రాత్రులు పెట్టుకుంది. "ఆడవాళ్ళకి చోటు" అన్నప్పుడు ఏ ఆడవాళ్ళకి అన్న ప్రశ్న ఎప్పుడూ వెంటే ఉంటుంది.

కొన్నిచోట్ల గొడవ ముందు వరుస దాటి ఎక్కడికో పోతుంది. శ్రీనగర్‌లో ముగ్గురు స్కూలు అమ్మాయిలు పెట్టుకున్న ప్రగాష్ అనే రాక్ బ్యాండు 2012 డిసెంబరులో బ్యాండ్ల పోటీలో వాయించింది. ఇంటర్నెట్లో బెదిరింపులు మొదలయ్యాయి. 2013 ఫిబ్రవరిలో అక్కడి గ్రాండ్ ముఫ్తీ వాళ్ళ పాటని తప్పుపడుతూ ఫత్వా ఇచ్చారు. వాళ్ళు వాయించడం మానేశారు. దీన్ని మానిటర్ కూతతో పోల్చను, పోల్చకూడదు.

మందులు, ఏ రోగానికేది

కోటాలు, ఆడవాళ్ళ ప్రత్యేక రాత్రులు, శిక్షణ శిబిరాలు. ఈ మూడింటిలో ఏది మంచిదన్న వాదన నాకు విసుగు. మూడూ ఒకే చోట పనిచేయవు. దగ్గుకి కట్టు కట్టి తగ్గలేదంటే ఎలా?

కోటా పనిచేసేది పోస్టరు మీద. యూరప్‌లో కీచేంజ్ అనే కార్యక్రమం కింద 2018లో 45 సంగీత ఉత్సవాలు 2022కల్లా తమ లైనప్‌లో సగం చోటు ఆడవాళ్ళకిస్తామని మాటిచ్చాయి. 2019లో బార్సిలోనాలోని ప్రిమవేరా సౌండ్ ఆడామగా సరిసమానంగా లైనప్ వేసి చూపించింది. "మెరిట్ ఏమవుతుంది" అని అడిగేవాళ్ళకి నా అనుభవం చెబుతాను. లోకల్ గిగ్‌కి లైనప్ వేసేటప్పుడు మెరిట్ చూసిన రోజులు నాకు పెద్దగా గుర్తులేవు. ఎవరు తొందరగా జవాబిచ్చారు, ఎవరి దగ్గర డ్రమ్ కిట్ ఉంది, ఎవరు పదిమంది స్నేహితుల్ని తెస్తారు, ఇవే చూశాను. కోటా వచ్చి చెడగొట్టేంత స్వచ్ఛత అక్కడ ఏమీ లేదు. అయితే ఇరవై బ్యాండ్లున్న ఊళ్ళో కోటా ఒక్కటే పెడితే, ఆ ముగ్గురు నలుగురు ఆడవాళ్ళనే ప్రతివారం పిలిచి అలసిపోయేలా చేస్తాం.

ప్రత్యేక రాత్రులు పనిచేసేది స్టేజి వెనక. 2000 ఆగస్టులో ఒలింపియాలోనే లేడీఫెస్ట్ అనే ఉత్సవం జరిగింది. ఎవరి సొంతమూ కాని ఆ పేరుని ఆ తర్వాత చాలా ఊళ్ళవాళ్ళు తీసుకుని తమ ఉత్సవాలు తాము చేసుకున్నారు. అలాంటి రాత్రి అసలు లాభం ప్రేక్షకులకి కాదు. ఐదు బ్యాండ్ల ఆడవాళ్ళు ఒకే గదిలో వైర్లు చుట్టుకుంటూ నంబర్లు మార్చుకుంటారు, లాభం అది. ప్రమాదం కూడా ఉంది, "వాళ్ళ రాత్రి వాళ్ళకుందిగా" అని మిగతా యాభైయొక్క వారాలు నిశ్చింతగా ఉండొచ్చు.

శిబిరాలు, అబ్బాయిలు పదిహేనేళ్ళ వయసులో వాయించుకునే ఆ గది దగ్గర పనిచేస్తాయి. 2001లో పోర్ట్‌లాండ్‌లో ఒక యూనివర్సిటీ విద్యార్థిని ప్రాజెక్టుగా మొదలైన అమ్మాయిల రాక్ అండ్ రోల్ క్యాంపు నమూనా ఎన్నో దేశాలకి పాకింది. వారంలో ఒక వాయిద్యం పట్టుకోవడం, బ్యాండు కట్టడం, పాట రాయడం, వారాంతంలో జనం ముందు వాయించడం. అబ్బాయిలకి గదిలో దొరికే ఆ మొదటి ఏడాది మోతని వారం రోజుల్లో అందించే ప్రయత్నం. ఫలితాలు తేలడానికి పదేళ్ళు పడుతుంది కాబట్టి డబ్బులిచ్చేవాళ్ళకి ఓపిక ఉండదు.

ఇవన్నీ గొలుసులా కుదిరితే ఏమవుతుందో లాస్ ఏంజెలెస్ చూపించింది. 2018లో గర్ల్‌స్కూల్ అనే అక్కడి ఉత్సవంలో కొందరు పిల్లల్ని కలిపి తాత్కాలికంగా ఒక బ్యాండు కట్టారు. అందులోంచి పుట్టిన ద లిండా లిండాస్, చిన్న చిన్న ప్రదర్శనలిచ్చుకుంటూ ఉండగా క్యాథ్లీన్ హానా కంటపడి, 2019లో బికినీ కిల్‌కి ముందు వాయించారు. 2021లో ఓ గ్రంథాలయంలో వాయించిన వీడియో ప్రపంచమంతా తిరిగింది. అప్పటికి వాళ్ళలో అందరికంటే చిన్నమ్మాయికి పదేళ్ళు. అందరూ వీడియోనే చూశారు. అంతకుముందు ఉన్న మూడేళ్ళు, పిల్లల్ని గిగ్‌లకి మోసిన పెద్దవాళ్ళు, మొదటి స్లాట్ ఇచ్చినవాళ్ళు వీడియోలో లేరు.

మరపు సంగతి కూడా చెప్పాలి. ప్రతి తరంలో ఎవరో ఒకరిని "మొట్టమొదటి ఆడవాళ్ళ రాక్ బ్యాండు" అంటారు, వాళ్ళకి ముందున్నవాళ్ళ రికార్డులు దొరకవు కాబట్టి. ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన మిల్లింగ్టన్ అక్కచెల్లెళ్ళ ఫ్యానీ బ్యాండు 1970లోనే పెద్ద కంపెనీ ద్వారా ఆల్బమ్ తెచ్చింది. అంత మంచి బ్యాండుని ఎవరూ తలుచుకోరేమని బ్రిటిష్ రాక్ గాయకుడు డేవిడ్ బౌవీ 1999లో వాపోయేదాకా కొత్తవాళ్ళకి ఆ పేరే తెలీదు. రెయిన్‌కోట్స్ కథ ఇంకా చిత్రం. 1990ల మొదట్లో నిర్వాణా గాయకుడు కర్ట్ కొబేన్ అరిగిపోయిన తన కాపీ బదులు వాళ్ళ మొదటి రికార్డు కోసం లండన్‌లో ఒక కొట్టుకి వెళితే, అక్కడ లేదుగానీ బ్యాండులో ఒకావిడ దగ్గర్లోనే పాత వస్తువుల దుకాణంలో పనిచేస్తోందని దారి చెప్పారు. వెళ్ళి అడిగాడు. ఆనా డా సిల్వా తర్వాత ఒక కాపీ పోస్టులో పంపింది. 1993లో ఆ రికార్డులు మళ్ళీ అచ్చయ్యాయి, ముందుమాట కొబేన్‌దే. మంచిదే. కాకపోతే వాళ్ళ బ్యాండు మళ్ళీ వెలుగులోకి రావడానికి ఇంకో ఫోన్ నంబరు కావాల్సొచ్చింది, అదీ అప్పట్లో ప్రపంచమంతా పేరున్న ఒక మగ గాయకుడిది.

నేను కాదన్న ఆ పంక్ బ్యాండుకి "నెక్స్ట్ టైమ్" ఎనిమిది నెలల తర్వాత గుర్తొచ్చింది. మెసేజ్ పెట్టాను. బ్యాండు విడిపోయిందని డ్రమ్మర్ జవాబిచ్చింది, ఇప్పుడు ఇంకో ఇద్దరితో వాయిస్తోందట. ఆ కొత్త బ్యాండుతో రమ్మన్నాను, ఈసారి మొదటి స్లాట్ కాదు, మూడోది అన్నాను. డబ్బెంత, పోస్టరు మీద పేరెలా వేస్తారు, ఇవేమీ అడగలేదు. మగవాళ్ళ బ్యాండ్లెవరూ అప్పటిదాకా నన్ను మొదటి ప్రశ్నగా అడగనిది అడిగింది.

"సౌండ్ ఎవరు చూస్తున్నారండీ?"

పేరు చెప్పాను. కాసేపు ఏమీ రాలేదు. తర్వాత వచ్చింది: "అయితే గంట ముందే వస్తాం. మా మైకు మేం తెచ్చుకుంటాం."